సజ్జ మీది ఏడు పుస్తకాలు

బాలకిషన్ అన్న పదహారేళ్లలో నాతో మాట్లాడిన మాటలన్నీ టైపు చేస్తే నాలుగు పేజీలు దాటవు. అదీ డబుల్ స్పేసింగ్‌లో. నేనేమో నిమిషం ఊరుకుంటే నాలుక తుప్పు పడుతుందేమో అని భయపడే మనిషిని. మా ఇద్దరినీ తెచ్చి ఒకే దుకాణంలో పడేసిన దేవుడికి వేళాకోళం ఎక్కువే.

దుకాణం అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక గల్లీలో ఉంది. ముందు సగం నాది: రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బల్ల. వెనక సగం ఆయనది: కటింగ్ మిషను, జిగురు డబ్బా, రెక్సిన్ చుట్టలు, అట్ట మీద బంగారు అక్షరాలు అద్దే ప్రెస్సు. పిహెచ్‌డి చేసేవాళ్లు థీసిస్ రాసి తెస్తే నేను టైపు చేస్తాను, ఆయన బైండు చేస్తాడు. నేను మాట్లాడితే జనగామ యాస, రాస్తే పుస్తకం తెలుగు. ఇరవై రెండేళ్లు పండితుల రాతలు టైపు చేస్తే వేళ్లకు అంటుకున్న జబ్బు అది, ఇక వదలదు.

ఆయన మొదటినుంచీ మూగనోము పట్టిన మనిషి కాదట. వదిన సౌభాగ్య చెబుతుంది: పెళ్లైన కొత్తలో నాంపల్లి గల్లీలో ఈయన ముచ్చట మొదలుపెడితే పక్కింటివాళ్లు కుర్చీలు తెచ్చుకుని కూర్చునేవాళ్లట. తండ్రి నాంపల్లి కోర్టుల కేసు కట్టలు కుట్టేవాడు. కొడుకు ముప్పై ఒక్క ఏళ్ల కింద అబిడ్స్‌కు వచ్చి థీసిస్‌లు కుట్టడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం జానపద పాటల మీద రాసిన థీసిస్‌కు పేజీలు జతచేస్తూ, దాన్ని రాసిన అబ్బాయితో కబుర్లలో పడ్డాడు. పక్కనే పట్టుపురుగుల మీద రాసిన ఇంకో థీసిస్ విప్పి ఉంది. దాని నూట పదిహేడో పేజీ దీనిలోకి, దీనిది దానిలోకి పోయాయి. పరీక్షకుల ముందు ఆ అబ్బాయి పెళ్లిపాట చదవబోయి పట్టుపురుగుల రోగాలు చదివాడు. మనకు నవ్వొస్తుంది. అతని పట్టా మాత్రం ఆరు నెలలు ఆగింది, ఆ ఆరు నెలల్లో చేతికొచ్చిన ఉద్యోగం పోయింది. ఆ సంగతి తెలిసిన మర్నాడే బాలకిషన్ అన్న ఒక పలక కొని గోడకు తగిలించాడు. "పేజీలు జతచేస్తున్నాం. మాట్లాడొద్దు." పేజీల పని అయిపోయాక తీసేద్దామనే తగిలించాడట. అది అక్కడే ఉండిపోయింది, ఆయన నోరు కూడా దాని వెనకే ఉండిపోయింది.

ఆయనకు ఒకే ఒక సరదా ఉండేది. ప్రతి థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ చదివేవాడు. మిగతాది ఆయనకు అక్కర్లేదు. గైడుకు, తోటి పరిశోధకులకు, లైబ్రరీలో పుస్తకాలు తీసిచ్చిన మనిషికి, మెస్సులో అన్నం పెట్టిన అక్కకు చెప్పుకున్న కృతజ్ఞతలు వేలు పెట్టి చదివి, ఎన్ని పేర్లు ఉన్నాయో లెక్కపెట్టేవాడు. ఆ అంకెను వెనక అట్ట లోపలి మూలన పెన్సిలుతో సన్నగా వేసేవాడు. తర్వాత ఒక పొడుగు నోటుబుక్కులో శాస్త్రం పేరు, ఎన్నేళ్లు పట్టింది, ఎన్ని పేర్లు అని రాసుకునేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు. నోటుబుక్కులు తొమ్మిదయ్యాయి.

"ఎందుకన్నా గిది?" అని మొదట్లో అడిగాను.

"ఊకెనే," అన్నాడు. పలక వైపు చూశాడు. నాకు ఒళ్లు మండి మళ్లీ అడగలేదు.

సజ్జ సంగతి నాకు దుకాణంలో చేరిన అయిదో ఏట తెలిసింది. వెనక గోడకు, పైకప్పుకు మూరెడు కింద ఒక చెక్క సజ్జ ఉంది. రెక్సిన్ చుట్ట అక్కడుందేమోనని స్టూలెక్కాను. అక్కడ వరసగా ఏడు పుస్తకాలు, నల్ల రెక్సిన్, వీపుల మీద బంగారు అక్షరాల్లో ఏడు పేర్లు. దుకాణమంతా కాగితం పొట్టూ దుమ్మూ ఉంటుంది కానీ వాటి మీద నలుసంత దుమ్ము లేదు.

"దిగు!" అని అరిచాడాయన. ఆయన గొంతు అంత పెద్దదని ఆ రోజే తెలిసింది. "వాటి జోలికి పోకు."

"ఎవరివన్నా?"

"రానోళ్లవి."

తర్వాత ముక్కముక్కగా తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఏడుగురు కృతజ్ఞతల పేజీ లేకుండా థీసిస్ తెచ్చారు. మర్చిపోయారేమో అని ఈయన ఖాళీ కాగితం చూపించి సైగ చేస్తే, లేదన్నారు. బైండు చేశాడు. అట్ట మూలన సున్నా వేశాడు. ఆ ఏడుగురిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఎన్నేళ్లు కష్టపడి రాసుకున్న పుస్తకమో, తీసుకుపోవడానికి ఒక్కరూ రాలేదు. రసీదు మీది చిరునామాలకు ఈయన రిజిస్టర్డ్ ఉత్తరాలు రాశాడు. ఏడూ తిరిగొచ్చాయి. పోస్టాఫీసు ముద్రతో, విప్పకుండా, ఎవరి పుస్తకంలో వాళ్ల ఉత్తరం పెట్టి ఉంది. ఒకరిది లెక్కల శాస్త్రం, ఒకరిది పాత దస్తావేజులు. ఒకరిది జంతుశాస్త్రం, ముప్పై మంది భుజం భుజం రాసుకుంటూ పనిచేసే ల్యాబు నుంచి వచ్చినది. దాని వెనక కూడా సున్నానే.

సాయంత్రం వెలుతురు ఏటవాలుగా పడేటప్పుడు నా కుర్చీలోంచి ఆ ఏడు పేర్లు మెరుస్తూ కనిపించేవి. నేను కుర్చీ తిప్పేసుకున్నాను. నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. అయినా తిప్పేసుకున్నాను.

విజయేందర్ పోయిన ఏడాది జూన్‌లో వచ్చాడు. ముప్పై మూడేళ్లుంటాయి. సన్నగా, ఇస్త్రీ లేని చొక్కాతో, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏం గావాలె సార్?" అన్నాను.

"లైబ్రరీల థీసిస్‌లు చూస్తున్న మేడం. ఏ పుస్తకం తెరిచినా వెనక పెన్సిల్‌తోటి ఒక అంకె ఉంది. బైండింగ్ లేబుల్ మీద గీ అడ్రస్ ఉంది."

బాలకిషన్ అన్న చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఆ అంకెలను ఇన్నేళ్లలో చూసి దారి పట్టుకుని వచ్చినవాడు ఇతనొక్కడే. లేచి వెళ్లి తొమ్మిది నోటుబుక్కులూ తెచ్చి బల్ల మీద పెట్టి, పలక వైపు చూపించి, మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

విజయేందర్ పరిశోధన దాని మీదే. ఏ శాస్త్రంలో మనిషికి మనిషి ఎంత దగ్గరగా, ఎన్నిసార్లు తగిలితే పని ముందుకు పోతుంది అని. "పరస్పర సంభాషణల సాంద్రత" అనే మాట అతని కోసం నేను నాలుగు వందల సార్లైనా టైపు చేసి ఉంటాను. రోజూ వచ్చి బల్ల మీద కూర్చుని నోటుబుక్కుల్లోంచి అంకెలు ఎక్కించుకునేవాడు. ఇద్దరు మూగవాళ్ల మధ్య నేను. రోజంతా నా కీబోర్డు చప్పుడూ ఆయన సుత్తి చప్పుడూ తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ఒక్కసారి మాత్రం అతను నాకు చెప్పబోయాడు. కళ్లు మెరుస్తున్నాయి ఆ రోజు.

"మేడం, జీవశాస్త్రమోళ్లకు ముప్పై, నలభై పేర్లు ఉండాలె. పదికి తగ్గితే పని సాగదు. రోజు పదిసార్లు ఒకరినొకరు అడగాలె, సీసా ఏడుంది, గీ మరక ఏంది అని. లెక్కలోళ్లకు ఇద్దరు చాలు, నెలకొకసారి కలిస్తే చాలు, కానీ కలిస్తే పూట పూటంత కూసుండాలె. ఆళ్లకు పది పేర్లు దాటినయా, అంతే, ఆలస్యమైతది. పాత కాగితాలు చదివేటోళ్లకు ఒక్కరు చాలు, కానీ వారానికొకసారి చెప్పుకోవాలె. ఒక్కో కూరకు ఒక్కో ఉప్పు. అందరికీ ఒకటే లెక్క కాదు. కానీ సున్నా దగ్గర..."

"సార్," అన్నాను. ఆ వారం నా నెత్తిన తొమ్మిది థీసిస్‌లు ఉన్నాయి. "టైపు చెయ్యనీకి ఇయ్యున్రి. అర్థం తర్వాత చూసుకుందాం."

అతను నవ్వి కాగితాలు ఇచ్చేశాడు. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లు తర్వాత ఎంత ఏడ్చినా లాభం లేదు, అది నాకు ఇప్పుడు తెలుసు.

ఇక్కడ మా పనిలో ఒక సంగతి చెప్పాలి. టైపు చేసేవాళ్లు చదవరు. చదివితే వేగం పోతుంది. అక్షరం కంట్లోంచి వేళ్లలోకి పోవాలి, మధ్యలో మనసు దగ్గర ఆగకూడదు. నాకు నేర్పిన మేడం శేషారత్నం గారు మొదటి రోజే చెప్పారు అది. నేను కాన్సర్ గురించి వంద పేజీలు టైపు చేసి, ఇంటికి పోయి హాయిగా పప్పు తిన్నదాన్ని.

ఈ ఏడాది ఆగస్టు రెండున విజయేందర్ ఒక చేతిరాత కాగితం తెచ్చాడు. అనుబంధం ఆరు. మూడు గళ్ల పట్టిక: తారీఖు, స్థలం, సంఖ్య. సంఖ్య గడి నిండా సున్నాలే. పది రోజులవి, ఇరవై రోజులవి, పై నుంచి కిందికి సున్నాలు.

"సార్, సున్నాలు మధ్యల పెట్టాలా, కుడిపక్కకు జరపాలా?" అని అడిగాను.

అతను నన్ను వింతగా చూశాడు.

"మీ ఇష్టం," అన్నాడు చివరికి.

"నా ఇష్టమేంది సార్? మీ యూనివర్సిటీ రూలేందో జెప్పున్రి."

"మధ్యల పెట్టున్రి మేడం," అన్నాడు. నేను మధ్యలో పెట్టాను.

పన్నెండున మిగతా పేజీలన్నీ, ఆ పట్టికకు రెండో కాగితం తెచ్చాడు. టైపు చేశాను. ఇరవై ఒకటిన వచ్చి ప్రింటు తీసిన కట్ట బాలకిషన్ అన్నకు అప్పజెప్పి, సజ్జ మీది పుస్తకాలు ఒకసారి చూడనివ్వమని అడిగాడు. నేనడిగితే అరిచిన మనిషి అతనికి స్టూలు వేశాడు. విజయేందర్ పైకెక్కి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. కింద నుంచి అతని కాళ్లు మాత్రమే కనిపించాయి. దిగాక ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. నమస్కారం ఎప్పుడూ పెట్టేవాడు కాదు. నేను పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటింది. వాన పట్టి గల్లీ మసకబారింది, కరెంటు పోయింది. కంప్యూటర్లు ఆగితే నాకు పని లేదు. బాలకిషన్ అన్న గుమ్మం వెలుతురులో కూర్చుని విజయేందర్ పేజీలు జతచేస్తున్నాడు. మొదటి పేజీ, ధ్రువపత్రం, విషయసూచిక. మళ్లీ వెనక్కి వచ్చాడు. మళ్లీ తిప్పాడు.

"జమునా," అన్నాడు. పేజీలు చేతిలో ఉండగా ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "కృతజ్ఞతల పేజీ ఏది?"

నేను గుర్తు చేసుకున్నాను. "ఇయ్యలేదన్నా. నేను టైపు చెయ్యలేదు."

ఆయన తల ఎత్తి సజ్జ వైపు చూశాడు.

"ఫోన్ చెయ్యి," అన్నాడు.

చేశాను. నా చెవిలో రింగు మోగింది. దానితోపాటే ఇంకెక్కడో కూడా మోగింది. పోస్టాఫీసు గోడ అవతలేమో అనుకున్నాను. కాదు. దుకాణంలోనే, వెనక, పైన. చీకట్లో ఆ ఏడు పుస్తకాల మధ్య నుంచి సన్నగా నీలం వెలుతురు వస్తోంది. బంగారు పేర్లు ఆ వెలుతురులో వణుకుతున్నాయి.

నా చేతిలోంచి ఫోను పడిపోయింది. అక్కడ రింగు ఆగలేదు.

బాలకిషన్ అన్నే స్టూలెక్కాడు. ఏడో పుస్తకం పక్కన ఫోను పెట్టి ఉంది, ఎనిమిదో పుస్తకం పట్టేంత చోటు వదిలి. దానికి తాళం కూడా లేదు. వచ్చిన కాల్స్ చూశాను. నాది తప్ప, యాభై మూడు రోజులుగా ఒక్క మనిషి కాల్ లేదు. అన్నీ కంపెనీవాళ్ల మెసేజ్‌లే.

"ఏడ ఉంటడు గా పిలగాడు? హాస్టల్ ఏది?" అన్నాడాయన.

"నాకేం ఎరుక అన్నా! నేను అడగలే." ఏడాదికి పైగా ఎదురుగా కూర్చున్న మనిషి ఎక్కడ పడుకుంటాడో నాకు తెలియదు. అప్పుడు నాకు అనుబంధం ఆరు గుర్తొచ్చింది. అందులో స్థలాలు ఉన్నాయి కదా.

కట్ట లాగి ఆ పేజీ తీసి గుమ్మం దగ్గర నిలబడి చదివాను. నా చేత్తో టైపు చేసిన పేజీని మొదటిసారి చదివాను. పైన ఇలా ఉంది: "ఇది పరిశోధకుని వ్యక్తిగత గమనిక. ఎవరైనా నన్ను ఒక ప్రశ్న అడిగి, నా జవాబు కోసం ఆగితే, ఆ రోజుకు ఒకటి. టికెట్ అడగడం, పక్కకు జరగమనడం లెక్కలోకి రావు."

కింద వరసలు. మొజంజాహీ మార్కెట్, ఐస్‌క్రీం దుకాణం, సున్నా. బషీర్‌బాగ్ బస్టాపు, సున్నా. హాస్టల్ మెస్సు, సున్నా. గైడు గది, సున్నా. వేలమంది తొక్కిసలాడే చోట్లు ఏరుకుని మరీ వెళ్లి కూర్చున్నాడు. రెండో కాగితంలో ఒకే ఒక్క చోట అంకె మారింది. ఆగస్టు రెండు, అబిడ్స్, డి.టి.పి. దుకాణం, ఒకటి.

సున్నాలు ఎక్కడ పెట్టాలి అని నేనడిగిన రోజు అది. నేను చిరాకుపడిన ఆ ప్రశ్నను అతను ఇంటికి తీసుకుపోయి పట్టికలో ఎక్కించుకున్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛీ, ఏం మనిషిని నేను, అనుకున్నాను.

"అన్నా, గిది చూడు." నా వేలు కింది వరసల మీద ఆగిపోయింది. అతను ఆ కాగితం నాకిచ్చింది పన్నెండో తారీఖున. వరసలు పన్నెండు దగ్గర ఆగలేదు. పదమూడు, సున్నా. పధ్నాలుగు, సున్నా. ఇంకా రాని రోజులకు కూడా స్థలాలు రాసి, సున్నాలు వేసి ఇచ్చాడు. ఇంకా పుట్టని తారీఖులను నేను మధ్యకు జరిపి, గీతలు గీసి, నీటుగా ప్రింటు తీసిచ్చాను.

చివరి వరస: ఇరవై రెండు ఆగస్టు, నాంపల్లి స్టేషన్, సాయంత్రం అయిదు గంటలు, సున్నా. దాని కింద ఏమీ లేదు.

ఆ రోజే ఇరవై రెండు. గోడ గడియారంలో నాలుగు పది.

బాలకిషన్ అన్న చెప్పులు వేసుకోకుండానే గల్లీలోకి దిగాడు. వానకు రోడ్డు మీద బండ్లు ఒకదాన్నొకటి అతుక్కుని నిలబడ్డాయి. ఆటో ఎక్కితే తెల్లారినట్టే. నడిచాం, నడక కాదది, పరుగే. అరవై దగ్గరపడుతున్న మనిషి, మోకాలి లోతు నీళ్లలో నా కంటే ముందు పోతున్నాడు. పోతూ పోతూ మాట్లాడుతున్నాడు. నాతోనో, తనతోనో తెలియదు.

"ఏడో బుక్కు కీర్తిది. లెక్కల పిల్ల. పన్నెండేండ్లాయె. బుక్కు ఇయ్యనీకి వచ్చింది, పాత బుక్కు ఒకటి తెరిచి చూసింది. అంకుల్, గీ పెన్సిల్ అంకె ఏంది అని అడిగింది. అడిగి నా మొకం జూస్తనే నిలబడ్డది. నేను పలక చూపిచ్చిన జమునా. పలక చూపిచ్చిన."

ఆయన ఏడుస్తున్నాడో వానో తెలియలేదు.

స్టేషన్‌లోకి ప్లాట్‌ఫారం టికెట్టు లేకుండానే దూరాం. జనం. తడిసిన సంచులు, తడిసిన పిల్లలు, మైకులో ఆగకుండా రైళ్ల పేర్లు. ఒక్కో ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు వెతికాం. సన్నగా, ఇస్త్రీ లేని చొక్కాతో ఎంతమంది! ప్రతి ఒక్కరూ విజయేందరే అనిపించారు, దగ్గరికి పోతే కాదు. ఒకరి భుజం పట్టి తిప్పాను కూడా. ఎవరూ కోప్పడలేదు, ఎందుకని అడగలేదు. పక్కకు జరిగిపోయారంతే. ఇంతమందిలో ఏం జరిగినా ఇలాగే పక్కకు జరుగుతారు అనిపించింది.

చివరి ప్లాట్‌ఫారం కొసన, షెడ్డు దాటాక, వానలో ఒక సిమెంటు బల్ల. దాని మీద అతను. చేతులు ఒళ్లో పెట్టుకుని పట్టాల వైపు చూస్తున్నాడు. గడియారం ఇంకో పది నిమిషాల్లో అయిదు.

నేను అరవబోయాను. బాలకిషన్ అన్న చేయి అడ్డం పెట్టాడు. మెల్లగా పోయి, పట్టాలకూ అతనికీ మధ్య ఉన్న వైపున, అతని పక్కన కూర్చున్నాడు. విజయేందర్ తల తిప్పలేదు. ఎవరో ప్రయాణికుడు కూర్చున్నాడు అనుకున్నట్టున్నాడు.

అన్న నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్లీ మూశాడు. పాతికేళ్లకు పైగా పలక వెనక దాచుకున్న గొంతు, పిలిస్తే వెంటనే వస్తుందా? నా నోట్లో వంద మాటలు తన్నుకొస్తున్నాయి. పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను.

"తిన్నవా బిడ్డా?" అన్నాడు చివరికి.

అడిగి ఆగాడు. మళ్లీ అడగలేదు. భుజం మీద చేయి వేయలేదు. అతని ముఖం వైపే చూస్తూ అలాగే కూర్చున్నాడు. మైకులో ఒక రైలు పేరు మూడు భాషల్లో చెప్పారు. రైలు వచ్చింది. ఇంజను మా ముందు నుంచి వేడిగా పోయింది. అన్న కదల్లేదు, చూపు తిప్పలేదు. జనం దిగారు, కూలీలు సామాన్లు మోశారు, ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఆయన ఇంకా ఆగే ఉన్నాడు. అంత పొడుగైన ఎదురుచూపు నా జన్మలో చూడలేదు.

విజయేందర్ పెదవులు కదిలాయి.

"లే," అన్నాడు. "నిన్నటి సంది తినలే."

"లే ఇగ, ఇంటికి పోదాం," అన్నాడు బాలకిషన్ అన్న. "మీ వదిన పప్పుచారు చేసింది."

స్టేషన్ ఎదురు గల్లీలోనే ఇల్లు. సౌభాగ్య వదిన ముగ్గురినీ గుమ్మంలో చూసి, ఏమైందని అడగకుండా మూడు తువ్వాళ్లు తెచ్చింది. అతను అన్నం తింటూ మధ్యలో కంచం మీదికి వంగి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరం ఆపలేదు. మర్నాడు పొద్దున్నే నేనూ అన్నా కలిసి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది, మందులు రాసింది, వారానికొకసారి రమ్మంది. నెల రోజులు అతను బాలకిషన్ అన్న ఇంట్లోనే ఉన్నాడు.

పలక ఇప్పుడు లేదు. ఆయన మాట్లాడతాడు. దేవుడా, ఎంత మాట్లాడతాడని! మొన్న ఒక రసాయనశాస్త్రం అమ్మాయిని మీ ఊరేది, మీ అమ్మ ఏం చేస్తది అని అడుగుతూ మూడు పేజీలు తలకిందులుగా కుట్టి, మళ్లీ విప్పాడు. ఆదివారాలు దుకాణం మూసి, సజ్జ మీది పుస్తకాల్లో ఒకటి సంచిలో పెట్టుకుని, రసీదు మీది చిరునామా వెతుక్కుంటూ పోతున్నాడు. ఇప్పటికి మూడు ఇళ్లు చూశాడు. ఒకటి కూలగొట్టేశారు. ఒకదానికి తాళం. మూడోదాంట్లో ఒక ముసలామె తలుపు కొంచెం తెరిచి, ఆ పేరు విని, మళ్లీ వేసేసుకుందట. గుమ్మం బయట చీకటి పడేదాకా ఆగి వచ్చాడు. పుస్తకం తెచ్చి మళ్లీ సజ్జ మీద పెట్టాడు. నా కుర్చీ ఇప్పుడు అటువైపే తిప్పి ఉంది.

విజయేందర్ పోయిన వారం కృతజ్ఞతల పేజీ తెచ్చాడు. మూడు పేర్లున్నాయి. అన్న రెండుసార్లు వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు. దాంతోపాటు అనుబంధం ఆరు చివరి కాగితం కూడా ఉంది. ముందుగానే రాసేసిన వరసలన్నీ కొట్టేసి, ఒక్కటే మిగిల్చాడు: ఇరవై రెండు ఆగస్టు, నాంపల్లి స్టేషన్, ఒకటి.

మధ్యలో పెట్టాలా, కుడిపక్కకా అని నేనడగలేదు. రూల్ ఏమిటో నాకు తెలుసు.

"ఇప్పుడు ఏడ ఉంటున్నవ్ తమ్మీ? కిరాయి రూమేనా? వంట ఎవరు చేస్తున్నరు?" అని అడిగాను. అడిగి, కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసి ఆగాను. అతను అన్నీ చెప్పాడు. ఆ తర్వాత ఆ ఒక్క వరసా టైపు చేశాను. ఈసారి చదివి చేశాను.